కారిడార్‌లో ఎమర్జెన్సీ లైట్లు, ఎగ్జిట్ బోర్డులు ఎక్కడెక్కడ పెట్టాలి? గుంటూరు, జీ ప్లస్ 4 నర్సింగ్ హోమ్

కొత్తసైట్_గుంటూరు

కొత్తపేటలో నర్సింగ్ హోమ్ ఫిట్‌అవుట్ జరుగుతోంది. ప్రతి ఫ్లోరులోనూ ఎల్ ఆకారంలో కారిడార్ ఉంది. పొడుగు వైపు 24 మీటర్లు, పొట్టి వైపు 8 మీటర్లు, వెడల్పు 1.8. ఫాల్స్ సీలింగ్ 2.5 మీటర్ల ఎత్తులో వస్తుంది. రెండు చివర్లా మెట్లు. ఒకటి టెర్రస్ దాకా, రెండోది నాలుగో ఫ్లోరు దాకా.

కాంట్రాక్టరు ఇచ్చిన డ్రాయింగులో ఫ్లోరుకి 5 ఎమర్జెన్సీ లైట్లు ఉన్నాయి. 300 ల్యూమెన్ల (లైటు మొత్తంగా ఇచ్చే వెలుతురు కొలత) ఫిట్టింగ్. కాటలాగ్‌లో "2.5 మీటర్ల ఎత్తుకి 9 మీటర్ల దూరం" అని టేబుల్ ఉంది, దాని ప్రకారమే వేశామంటున్నారు. బిల్డింగు ఎత్తు 15 మీటర్ల లోపే కాబట్టి అసలు ఇన్ని కూడా అక్కర్లేదని ఆయన వాదన. 5 సరిపోతాయా అండీ?

లక్స్‌మీటర్

సరిపోవు. కాటలాగ్ టేబుల్ తప్పు కాదు. అది యూరప్ లెక్క. వాళ్ళ ఈఎన్ 1838 ప్రకారం దారి మధ్య గీత మీద 1 లక్స్ (నేల మీద పడే వెలుతురు కొలత) ఉంటే చాలు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, నాలుగో భాగం (అగ్ని భద్రత) అడిగేది అదే గీత మీద 10 లక్స్. పైగా 2 మీటర్ల లోపు వెడల్పున్న దారిలో సగం వెడల్పుకి కనీసం 5 లక్స్ పడాలి. అంటే పది రెట్ల తేడా. మన ఊళ్ళలో సగం డ్రాయింగులు ఇక్కడే తప్పుతున్నాయి.

లెక్క చూడండి. కింద అన్ని వైపులకీ సమానంగా వెదజల్లే ప్యానెల్ లాంటి ఫిట్టింగ్ అనుకుందాం. 300 ల్యూమెన్లని 3.14 తో భాగిస్తే నిట్టనిలువునా సుమారు 95 క్యాండెలా (ఒక దిక్కుకి వెళ్ళే వెలుతురు బలం). 2.5 మీటర్ల కింద నేల మీద 95 ని 6.25 తో భాగించండి, 15 లక్స్. పక్కకి జరిగే కొద్దీ ఇది దారుణంగా పడిపోతుంది. 2 మీటర్లు జరిగితే 5.7 లక్స్. 4.5 మీటర్లు జరిగితే 0.85.

రెండు లైట్ల మధ్య 9 మీటర్లు ఉంటే సరిగ్గా నడిమధ్యన రెండూ కలిపి 1.7. దుమ్ము, బ్యాటరీ వయసు కోసం 0.8 తో గుణిస్తే 1.4. యూరప్‌లో పాసు, ఇక్కడ ఫెయిలు.

4 మీటర్ల దూరం పెడితే మధ్యలో పక్క లైట్ల వాటాతో కలిపి 12, దాన్ని 0.8 తో గుణిస్తే 9.6. కొంచెంలో పోయింది. 3.5 కి తెస్తే 11 పైన వస్తుంది. గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు నేను లెక్కలోకి తీసుకోలేదు. పొగ ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోలేం.

24 మీటర్ల వైపు: చివరి గోడ నుంచి 1.5 మీటర్లు వదిలి 3.5 కి ఒకటి చొప్పున 7 లైట్లు. ఏడోది మూలకి 1.5 మీటర్ల ఇవతల ఆగుతుంది. 8 మీటర్ల వైపు మూల నుంచి 2 మీటర్ల దగ్గర ఒకటి, 5.5 దగ్గర ఇంకోటి. ఫ్లోరుకి 9.

15 మీటర్ల వాదన సంగతి. చిన్న భవనమైనా సరే, కరెంటు పోయాక 90 నిమిషాలకి తగ్గకుండా ఆ వెలుతురు నిలబడాలని కోడ్‌లో మాటకి మాట ఉంది. ఎత్తు మీద మారేవి వేరే ఉన్నాయి, ఇది కాదు.

ప్యానెల్‌బోర్డు_బెజవాడ

సార్, ఫ్లోరుకి 9 అంటే ఓనరు గుండె ఆగుతుంది. అంతా ఇన్వర్టర్ మీద వేసేస్తే పోలా? నర్సింగ్ హోమ్ కాబట్టి జనరేటర్ ఎలాగూ ఉంటుంది. విడిగా బ్యాటరీ ఫిట్టింగులు ఎందుకు?

లక్స్‌మీటర్

జనరేటర్ ఆటోమేటిక్ ప్యానెల్ మీద ఉన్నా స్టార్ట్ అయ్యి, వోల్టేజి నిలబడి, లోడ్ ఎత్తుకునేసరికి 10 సెకన్లు దాటుతుంది. మామూలు లైట్లు ఆరిన 5 సెకన్లలో ఎమర్జెన్సీ వెలగాలి. మధ్యలో ఆ చీకటిని నింపేది బ్యాటరీయే. అలాగని బ్యాటరీ ప్యాకులున్నాయి కదా, జనరేటర్ మానేద్దామంటే కోడ్ ఒప్పుకోదు. డీజిల్ ఇంజిన్ సప్లైకి బదులుగా బ్యాటరీ లైట్లని చూపించకూడదు. రెండూ ఉండాలి.

ఖర్చు తగ్గే దారి ఉంది. 9 కొత్త ఫిట్టింగులు కొనక్కర్లేదు. కారిడార్‌కి ఎలాగూ రెండడుగుల చదరం ప్యానెల్ లైట్లు వేస్తున్నారు కదా, వాటినే 3.5 మీటర్ల దూరాన పడేలా జరిపి ఎమర్జెన్సీ కన్వర్షన్ కిట్ (మామూలు లైటుని కరెంటు పోయాక కూడా వెలిగించే బ్యాటరీ, చార్జర్ సెట్టు) పెట్టించండి. ఒక్క జాగ్రత్త. 36 వాట్ల ప్యానెల్‌కి 3 వాట్ల కిట్ పెడితే కరెంటు పోయాక వచ్చేది సుమారు 300 ల్యూమెన్లే. డబ్బా మీద 3600 అని రాసుంటుంది, అది కరెంటు ఉన్నప్పటి అంకె. ఎమర్జెన్సీలో ఎన్ని ల్యూమెన్లు, ఎంతసేపు, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.

ఆడిట్‌కళ్ళు

లక్స్‌మీటర్ గారూ, వెలుతురు లెక్క బాగుంది గానీ లేఅవుట్‌లో ఒకటి తప్పిపోయింది. 8 మీటర్ల వైపు ఆఖరి లైటు 5.5 దగ్గర ఆగింది. అక్కడి నుంచి మెట్ల తలుపు 2.5 మీటర్లు. ప్రతి ఎగ్జిట్ తలుపు "దగ్గర" లైటు ఉండాలంటుంది కోడ్, దగ్గర అంటే అడ్డంగా కొలిస్తే 2 మీటర్ల లోపు అని కింద నోట్ కూడా ఇచ్చింది. కాబట్టి తలుపు ముందు పదోది పడాలి. ఫ్లోరుకి 10.

ఇంకో విషయం. దూరాన్ని బట్టి లైట్లు పంచడం రెండో పని. ముందు తప్పనిసరి చోట్లు గుర్తు పెట్టుకుని, మిగిలిన ఖాళీలు తర్వాత నింపుకోవాలి. కారిడార్లు కలిసే చోట, దారి మలుపు తిరిగే చోట, ప్రతి ఎగ్జిట్ తలుపు దగ్గర, మెట్ల దగ్గర ప్రతి వరసకీ నేరుగా వెలుతురు పడేలా, నేల ఎత్తు మారే చోట ఒక్క మెట్టయినా సరే, ఫైర్ అలారం కొట్టే పెట్టె దగ్గర, హోస్ రీలు, ఎక్స్‌టింగ్విషర్ల దగ్గర, ఇంకా ఆఖరి తలుపు దాటాక బయట.

అందరూ మర్చిపోయేది ఆ చివరిదే. లోపలంతా వెలుగుతుంది, మనిషి తలుపు తోసుకుని బయట ర్యాంపు మీద చీకట్లో కాలు పెడతాడు. వెనక నుంచి తోస్తూనే ఉంటారు. రెండు మెట్లకీ బయట ఒక్కోటి, వాన తగిలినా తట్టుకునే ఐపీ 65 రకం పెట్టించండి.

మెట్లలెక్క

మెట్లకి కాంట్రాక్టరు ఫ్లోరుకొకటి వేసుంటాడు, చూడండి. చాలదు. మధ్య ల్యాండింగ్ దగ్గర మలుపు తిరిగాక కింది వరస మీద పై లైటు నీడే పడుతుంది. ప్రతి ల్యాండింగ్‌కీ ఒకటి కావాలి. టెర్రస్ దాకా వెళ్ళే మెట్లకి గ్రౌండ్, టెర్రస్ కలిపి 6 ఫ్లోరు ల్యాండింగులు, మధ్యవి 5, మొత్తం 11. రెండోదానికి 5, 4 కలిపి 9. అంటే 20. మెట్ల అంచు మనిషి సొంత నీడలో పడకుండా, దిగేవాడి ఎదురుగోడకి గానీ పక్కగోడకి గానీ బిగించండి.

సెల్లారు ఉందా? ఉంటే గ్రౌండ్ ఫ్లోరు ల్యాండింగ్ దగ్గర అసలు ప్రమాదం ఉంది. పై నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు ఊపులో సెల్లారులోకి దిగిపోతారు. అక్కడ కింది వరసకి గేటు, బయటి వైపు బాణంతో ఎగ్జిట్ బోర్డు, రెండూ ఉండాలి. ప్రతి ల్యాండింగ్‌లో ఫ్లోరు నంబరు బోర్డు కూడా, అర మీటరు చదరానికి తగ్గకుండా, దిగేవాడికి ఎదురుగా.

కొత్తసైట్_గుంటూరు

సెల్లారు ఉందండీ, పార్కింగు. గేటు లేదు, రాసుకున్నాను.

ఎత్తు దగ్గర అయోమయంగా ఉంది. లైట్లు 2 మీటర్ల పైన ఉండాలని ఒకరు, ఎగ్జిట్ బోర్డు నేల నుంచి అర మీటరులో ఉండాలని ఇంకొకరు అంటున్నారు. ఏది ఖాయం?

ఆడిట్‌కళ్ళు

రెండూ ఖాయమే. ఒకటి లైటు, ఇంకోటి బోర్డు. దారి చూపించే లైటు 2 మీటర్లకి తగ్గకూడదు, కానీ వీలైనంత కిందికే ఉండాలి. తల తగలకూడదు, పొగలో మునగకూడదు, ఈ రెండింటికీ మధ్య రాజీ అది. పొగ ముందు పట్టేది సీలింగునే. 4 మీటర్ల ఎత్తున్న లాబీలో సీలింగుకి అతికించిన ఎగ్జిట్ బోర్డు కనపడాల్సిన మొదటి నిమిషాల్లోనే మాయమవుతుంది. మీకు ఫాల్స్ సీలింగ్ 2.5 లోనే ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

అర మీటరు సంగతి పాత 2005 కోడ్‌లో ఎత్తైన భవనాలకి రాసింది. గోడ మీద కింద, బాణంతో, కారిడార్ సర్క్యూట్ నుంచి వెలిగే బోర్డు. పొగలో వంగి నడిచేవాడికి, పాకేవాడికి అదే దిక్కు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కొవిడ్ సెంటరుగా వాడుతున్న హోటల్లో మంటలొచ్చి 10 మంది పోయాక పొగ గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తలుపు మీద పెద్ద బోర్డు ఉంచుతూనే కింద కూడా పెట్టండి. మీది ఆస్పత్రి కాబట్టి స్ట్రెచర్ల దెబ్బలు తగులుతాయి. గోడలోకి దింపి, గోడకి సమంగా బిగించాలి, బయటికి పొడుచుకు రాకూడదు. గది తలుపు కారిడార్‌లోకి తెరుచుకునే చోట, తలుపు రెక్క వెనక పడేలా పెట్టి ఉపయోగం లేదు.

బాణంగుర్తు

బోర్డు సైజు గురించి ఎవరూ చెప్పలేదు. లోపల లైటున్న బోర్డు అయితే బొమ్మ ఎత్తుకి 200 రెట్ల దూరం నుంచి కనపడుతుంది. బయటి లైటు పడి కనపడే రకానికి 100 రెట్లు. మీ 24 మీటర్ల కారిడార్‌కి 10 సెంటీమీటర్ల బొమ్మ వేస్తే 20 మీటర్లకే ఆగిపోతుంది. 15 సెంటీమీటర్లు తీసుకోండి, 30 మీటర్లు. దారిలో ఏ చోట నిలబడినా 30 మీటర్ల లోపు ఒక బోర్డు కంటికి ఆనాలన్న రూలుకీ అది సరిపోతుంది. కొలవాల్సింది బొమ్మ ఎత్తు, డబ్బా ఎత్తు కాదు. షాపువాళ్ళు డబ్బా సైజు చెప్తారు.

మెట్ల తలుపు కారిడార్ చివరి గోడకి ఉంటే బోర్డు తలుపు పైన గోడకి పెట్టండి. పక్కగోడకి ఉంటే మాత్రం దూరం నుంచి చూసేవాడికి బోర్డు అంచు తప్ప ఏమీ కనపడదు. అప్పుడు సీలింగు నుంచి అడ్డంగా వేలాడే, రెండు వైపులా బొమ్మ ఉన్న రకం కావాలి. మూల దగ్గర కూడా అదే. తలుపు రెక్క మీద అస్సలు అతికించొద్దు. తలుపు తెరిచి పెట్టారంటే బోర్డు గోడవైపు తిరిగిపోతుంది.

బాణాల దగ్గర పొరపాట్లు ఎక్కువ. "తిన్నగా ముందుకి" అని చెప్పాలంటే పైకి చూపే బాణం. కింది బాణం అంటే కిందికి దిగమని. తలుపు మీద కింది బాణం వేసేసి, పక్కనే సెల్లారు మెట్లుంటే ఇక చెప్పేదేముంది! లిఫ్ట్ వైపు చూపే బాణం ఎక్కడా ఉండకూడదు. పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న ఆకుపచ్చ బోర్డే తీసుకోండి. చదువు రాని పేషెంటు బంధువుకి కూడా అర్థమవుతుంది. కింద తెలుగులో "బయటకు దారి" అని రాయించుకుంటే ఇంకా మంచిది, బొమ్మ సైజు మాత్రం తగ్గించొద్దు.

ప్యానెల్‌బోర్డు_బెజవాడ

చీకట్లో మెరిసే రేడియం స్టిక్కర్లు ఉన్నాయి కదా, వైరింగే లేకుండా పోతుంది.

బాణంగుర్తు

అది లైటు తాగి మెరిసే సరుకు. వెలుతురు ఎప్పుడూ పడే చోట పనికొస్తుంది. కారిడార్‌లో మోషన్ సెన్సార్లు పెట్టి రాత్రి లైట్లు ఆర్పేసేవాళ్ళకి అది ఉత్త స్టిక్కరే. మెట్ల అంచులకి అదనంగా వేసుకోండి, బోర్డుకి బదులుగా వద్దు.

వైరింగ్_అన్న

చోట్లన్నీ సరే, ఇప్పుడు వైరింగు. ఎన్నో సైట్లలో లైట్లు సరైన చోటే ఉంటాయి, అవసరానికి మాత్రం వెలగవు.

మొదటి తప్పు. ఎమర్జెన్సీ ఫిట్టింగులన్నిటికీ డీబీ (కరెంటు పంచే బోర్డు) నుంచి విడిగా ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) పెట్టి లైను లాగుతారు. చూడటానికి నీటుగా ఉంటుంది. కానీ కారిడార్ లైట్ల ఎంసీబీ ఒక్కటే ట్రిప్ అయితే? కారిడార్ చీకటి, ఎమర్జెన్సీకి మాత్రం కరెంటు వస్తూనే ఉంది కాబట్టి అది వెలగదు. ఏ చోట వెలగాలో ఆ చోటి మామూలు లైట్ల సర్క్యూట్ నుంచే ఫేజు తీసుకోవాలి.

రెండోది. ఆ ఫేజు స్విచ్ దాటాక తీసుకుంటారు. వాచ్‌మన్ పొద్దున కారిడార్ లైట్లు ఆపగానే ఫిట్టింగు కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద వెలుగుతుంది. రోజూ పూర్తిగా ఖాళీ అవుతుంది. కొన్ని నెలలకి బ్యాటరీ చచ్చిపోతుంది, "చైనా మాల్" అని తిట్టుకుంటారు. ఫిట్టింగుకి స్విచ్ లేని ఫేజు ఒకటి చార్జింగుకి, స్విచ్ దాటిన ఫేజు ఒకటి మామూలుగా వెలగడానికి, న్యూట్రలు, ఎర్తు. కన్వర్షన్ కిట్ అయితే నాలుగు వైర్లు తప్పవు. పాత పైపుల్లో మూడే లాగి ఉంటే ఫాల్స్ సీలింగ్ మూయకముందే చూసుకోండి.

మూడోది ఇన్వర్టర్. కారిడార్ సర్క్యూట్‌ని ఇన్వర్టర్ మీద పెట్టి దాని మీదే బ్యాటరీ ఫిట్టింగులు వేస్తే, ఇన్వర్టర్ ఉన్నంతసేపూ వాటికి కరెంటు పోయినట్టే తెలియదు. ఇన్వర్టర్ పడిపోయాక వెలుగుతాయి. అదొక రక్షణే, కానీ టెస్ట్ చేసేటప్పుడు మెయిన్ ఆపితే ఏమీ జరగదు, "పనిచేయడం లేదు" అని గొడవ. టెస్ట్ ఎప్పుడూ కారిడార్ లైట్ల ఎంసీబీ ఆపి చేయాలి.

సందేహం_సత్తెనపల్లి

కరెంటు పోతే తనంతట తానే వెలిగే ఇన్వర్టర్ బల్బులు వేస్తే అవ్వదా అన్నా? మామూలు హోల్డర్‌లో పెట్టేయొచ్చు.

వైరింగ్_అన్న

ఇంట్లో బాగుంటాయి తమ్ముడూ, తప్పించుకునే దారికి వద్దు. ఆ బల్బు స్విచ్ ఆపారా, కరెంటు పోయిందా అని తేల్చుకునే పద్ధతి చూడు. కరెంటు పోయాక తన రెండు కాళ్ళ మధ్య లైనులో వేరే లోడ్లు ఏమైనా తగులుతున్నాయా అని పసిగడుతుంది. తగిలితే "స్విచ్ వేసే ఉంది, కరెంటే పోయింది" అని వెలుగుతుంది. తగలకపోతే స్విచ్ ఆపారనుకుని ఊరుకుంటుంది. ఊరంతా కరెంటు పోతే లోడ్లు బోలెడు, వెలుగుతుంది. ఆ కారిడార్ ఎంసీబీ ఒక్కటే పడిందనుకో, తెగిన లైను మీద మిగిలేది నాలుగు ఎల్‌ఈడీలు. వెలగొచ్చు, వెలగకపోవచ్చు. మంటలు మొదలయ్యే చోట ముందు పడేది ఆ ఎంసీబీయే.

లక్స్‌మీటర్

9, 10 గొడవలో ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. ఒక్క లైటు పోయినా ఆ చోట చీకటి కాకూడదు. 3.5 దూరంలో ఒకటి పోతే దాని కింద పక్కవాటి నుంచి 2.8 లక్స్ వస్తుంది. 10 కాదు, కానీ నడవగలం. 9 మీటర్ల లేఅవుట్‌లో ఒకటి పోతే అక్కడ మిగిలేది 0.13. కాంట్రాక్టరుకి ఈ ఒక్క అంకె చూపించండి చాలు.

కారిడార్ లైట్లని ఒకటి విడిచి ఒకటి రెండు సర్క్యూట్లుగా విడదీయండి. ఒక ఎంసీబీ పడితే మామూలు లైట్లే సగం ఉంటాయి. వైరు కొంచెం ఎక్కువ, అంతే.

ఫంక్షన్‌హాల్_మెయింటెనెన్స్

మా వైపు బాధలు వేరండీ, విజయవాడ బైపాస్ పక్క కళ్యాణ మండపాలకి పనికొస్తాయని రాస్తున్నా. బోర్డులన్నీ కోడ్ ప్రకారమే ఉంటాయి. పెళ్ళికి డెకరేషన్ వాళ్ళొచ్చి తలుపు చుట్టూ పూల ఆర్చి, దాని మీదుగా గుడ్డ లాగేస్తారు. బోర్డు వెలుగుతూనే ఉంటుంది, గుడ్డ వెనక. పక్క తలుపుల ముందు ఐస్‌క్రీమ్ కౌంటరు. బుకింగ్ కాగితంలోనే "ఎగ్జిట్ బోర్డు చుట్టూ అర మీటరు వదలాలి, పక్క తలుపులు మూయకూడదు" అని రాయించి, డెకరేషన్ అయ్యాక ఒకసారి తిరిగి చూడాలి. సీరియల్ లైట్లకి దగ్గరలో పాయింటు లేక ఎమర్జెన్సీ లైను నుంచే కరెంటు లాగుతారు. ఆ జంక్షన్ బాక్సులకి స్క్రూ మూతలు వేయండి, చేత్తో ఊడేవి వద్దు.

షో కోసం లైట్లు తగ్గించాల్సి వస్తే దారి నేల మీద 2 లక్స్‌కి తగ్గకూడదు. ఆ మినహాయింపు ప్రదర్శన జరిగేంతసేపు, ఆడిటోరియం లాంటి చోట్లకే. భోజనాల హాలుకి వర్తించదు.

కొత్తసైట్_గుంటూరు

బ్యాటరీ ఏ రకం మంచిది? పై ఫ్లోరు ఫాల్స్ సీలింగ్ లోపల మే నెలలో చెయ్యి పెట్టలేం.

వైరింగ్_అన్న

అదే అసలు ప్రశ్న. మన ఎండల్లో స్లాబ్ కింద సీలింగ్ లోపల బయటి కంటే వేడి ఎక్కువ. సీల్డ్ లెడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల మీద చెప్తారు, ప్రతి 10 డిగ్రీలకీ సుమారు సగం అయిపోతుంది. లిథియం సెల్స్‌లో చాలా వాటికి చార్జింగ్ పరిమితి 45 డిగ్రీలే, దాటితే చార్జర్ ఆపేస్తుంది, బ్యాటరీ నిండదు. పై ఫ్లోరుకి ఎక్కువ వేడి తట్టుకునే నికెల్ కాడ్మియం సెల్స్, లేదా బ్యాటరీ డబ్బాని సీలింగ్ లోంచి తీసి చల్లగా ఉండే గదిలోకి మార్చండి.

సైజు లెక్క. ఎల్‌ఈడీకి 3 వాట్లు, డ్రైవరు (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్) నష్టంతో 3.5, గంటన్నరకి 5.3 వాట్ అవర్లు. 3.6 వోల్టుల 1.5 ఆంపియర్ అవర్ ప్యాకు 5.4 ఇస్తుంది, కొత్తలో సరిగ్గా గట్టెక్కుతుంది, రెండో ఏడాది ఫెయిల్. 3.6 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ తీసుకోండి.

ఆడిట్‌కళ్ళు

టెస్టు పద్ధతి కూడా రాసుకోండి. నెలకోసారి ఎంసీబీ ఆపి అన్నీ వెలిగాయా లేదా చూడటం, ఒక్క నిమిషం చాలు. ఏడాదికోసారి పూర్తి 90 నిమిషాలు. ఈ పెద్ద టెస్టు ఫ్లోరు మొత్తానికి ఒకేసారి చేయొద్దు. ఖాళీ అయిన బ్యాటరీ మళ్ళీ నిండటానికి 24 గంటలు పడుతుంది, ఆ రాత్రి నిజంగా కరెంటు పోతే ఫ్లోరంతా చీకటి. పేషెంట్లున్న చోట సరి నంబరు ఫిట్టింగులు ఒక రోజు, బేసి నంబర్లు రెండు రోజుల తర్వాత. మీరు రెండు సర్క్యూట్లుగా విడదీస్తే ఇదీ తేలికవుతుంది.

కొత్తసైట్_గుంటూరు

కారిడార్లు 50, మెట్లు 20, బయట 2. లెక్క కాంట్రాక్టరుకి ఇచ్చాను. 50 కి కన్వర్షన్ కిట్లకి ఒప్పుకున్నారు, నాలుగో వైరు లాగుతున్నారు. ఫిట్టింగులకి నంబర్లు ఎక్కడ రాయాలి? లోపలా, బయటా?

వైరింగ్_అన్న

బయట, కింద నిలబడి చదివేంత. లోపల బ్యాటరీ మీద పర్మనెంట్ మార్కర్‌తో పెట్టిన నెల, సంవత్సరం. ఫేజు ఏ డీబీలో ఏ ఎంసీబీ నుంచి వస్తోందో ఆ నంబరు పక్కనే రాయండి, టెస్టు చేసేవాడు మెయిన్ దగ్గరికి పోకుండా ఉంటాడు.